దిష్టి తగులుతుందని దాచిన బహుమతి

మా అత్తగారింట మంచి కబురు ముందుగా గడప దాటకూడదు. తాంబూలాలు పుచ్చుకునేదాకా పెళ్ళి మాట ఎత్తరు. కోడలు నెల తప్పితే మూడో నెల నిండేదాకా పక్కింటికి కూడా తెలియదు. కొట్టుకు పెద్ద బేరం తగిలితే సరుకు లారీ ఎక్కి, డబ్బు చేతికి వచ్చేదాకా ఎవరితోనూ అనరు. ముందే చెబితే దిష్టి తగిలి పని చెడుతుందని మా అత్తగారి నమ్మకం. ఆవిడ పోయాక ఆ కాపలా నాకు వచ్చింది. చాలా ఏళ్ళు బాగానే కాశాను. ఆ కాపలా వల్లే మా మరిది పెట్టాలనుకున్న కొట్టు పెట్టకుండానే పోయింది.

మండపేటలో మాది గోనెసంచుల కొట్టు. బియ్యం మిల్లులకు సంచులు, పురికొస, దబ్బనాలు అమ్ముతాం. మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఆయన తమ్ముడు సంచులు ఎంచి కట్టలు కట్టిస్తాడు. నేను కాపురానికి వచ్చేనాటికి మరిది ఆరో తరగతి. నేను ఐదుతో మానేసినదాన్ని కనుక, "వదినా, నీకంటే ఓ క్లాసు ఎక్కువే చదివాను, నాకు దణ్ణం పెట్టు" అని ఏడిపించేవాడు. తర్వాత పదో తరగతిదాకా వెళ్ళాడు. రెండు మూడు పెళ్ళి సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. ఆపైన తనే వద్దనుకున్నాడు. యాభై దాటినా బజారులో అందరూ ఆయన్ని "తమ్ముడుగారూ" అనే పిలుస్తారు. మర్యాదకే అంటారు. అయినా ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన మొహం కాస్త వాడేది. నాకొక్కదానికే అది కనిపించేదనుకుంటాను.

ఆయనకు సొంతంగా ఓ కొట్టు పెట్టుకోవాలని ఉండేది. కొవ్వూరులో గోదావరి రేవుకు వెళ్ళే దారిలో చిన్న గది చూసుకున్నాడు. పూజాసామాను పెట్టాలని ఆలోచన. స్నానాలకు, పితృకార్యాలకు వచ్చే జనం ఏడాది పొడుగునా ఉంటారు, గోనెసంచుల్లా పంట చేతికొచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు అనేవాడు. గది యజమానితో మాట్లాడుకున్నాడు. ఉగాదికి అడ్వాన్సు ఇచ్చి తాళం తీసుకోవాలి. ఆ అడ్వాన్సు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నది. మా ఆయన కూడా, "సరే, వాడి సరదా ఎందుకు కాదనాలి" అన్నారు.

అది ఫాల్గుణ మాసం. మధ్యాహ్నం కొట్టు మూసి భోజనాలయ్యాక మా ఆయన పడుకున్నారు. నేను పెరటి అరుగు మీద పనసకాయ ముందేసుకుని పొట్టు కొడుతున్నాను. మరిది ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వదినా, చేతులు కడుక్కో. నీకొకటి చూపించాలి."

"పనస జిగురు ఓ పట్టాన వదలదు బాబూ. నువ్వే పట్టుకుని చూపించు."

కొట్టుకు ఓ ఈమెయిలు ఉంది. పన్ను లెక్కలు రాసిపెట్టే ఆయన ఎప్పుడో తెరిచి ఇచ్చాడు. దానికి వచ్చిందట ఆ ఉత్తరం. ఇంగ్లీషులో ఉంటే మరిది ఏదో నొక్కాడు, అది తెలుగు అయిపోయింది. పైకి చదివాడు. "ప్రియమైన విజేత, మీ ఈమెయిల్ చిరునామా అంతర్జాతీయ బహుమతి నందు ఎంపిక చేయబడినది..." కింద ఏదో లండన్ కంపెనీ పేరు, గుండ్రటి ముద్ర, సంతకం. ఎంత బహుమతో అంకెలు చూపించాడు. ఆ సున్నాలు లెక్కపెట్టడం నాకు రాలేదు.

"ఇదేంటి, పన్ను కట్టమని వచ్చే నోటీసులా ఉంది" అన్నాను.

"అందుకే నమ్మకంగా ఉంది వదినా. మోసం చేసేవాడైతే తియ్యగా రాస్తాడు కదా!"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. అయినా అడిగాను, "మనం టిక్కెట్టు ఏమైనా కొన్నామా?"

"టిక్కెట్టేంటి, కూపన్లు ఎన్ని రాయలేదు! రాజమండ్రిలో చీరలు కొన్నప్పుడల్లా పేరు, ఫోను, మెయిలు రాసి డబ్బాలో వేస్తూనే ఉన్నాం. ఓసారి కుక్కరు రాలేదూ?"

కుక్కరు వచ్చిన మాట నిజమే. దసరాకు బట్టల కొట్టు వాళ్ళు డ్రా తీస్తే మా పేరు తగిలింది. అందులోనే ఇప్పటికీ పప్పు ఉడుకుతోంది. ఒకసారి నిజంగా వచ్చినదాన్ని చూసినవాళ్ళకు రెండోసారి రాదని ఎందుకు అనిపిస్తుంది?

తర్వాత ఆయన కింది వాక్యం చదివాడు. "సొమ్ము మీకు చేరువరకు ఈ విషయమును ఎవ్వరికిని తెలుపక గోప్యముగా ఉంచవలెను."

నా చేతిలో కత్తి ఆగింది. ఆ వాక్యమే నన్ను పడేసింది.

"చూశావా, పద్ధతి తెలిసినవాళ్ళే" అన్నాను. "చేతికొచ్చేదాకా చెప్పొద్దంటున్నారు. ఏ దేశమైతేనేం, పెద్దవాళ్ళున్న కొంప అయ్యుంటుంది. మీ అమ్మ ఉంటే ఇదే మాట అనేది."

"అయితే అన్నయ్యక్కూడా వద్దా?"

"వద్దు. వచ్చాక దేవుడి దగ్గర పెట్టి అప్పుడు చెబుదాం."

అంతలో మా కోడలు పెరట్లోకి వచ్చింది. ఊళ్ళోనే ఓ బ్యాంకులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఆ రోజు సెలవు. మా అబ్బాయి మిల్లులకు యంత్రాలు అమ్మే కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, కాబట్టి ఇంట్లో ఆ అమ్మాయి కబుర్లన్నీ మాతోనే. మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంటండీ చిన్నమావయ్యగారూ, నన్ను చూసి ఫోను దాచేస్తున్నారు! చిన్నత్తయ్యని గానీ వెతుక్కుంటున్నారా?"

"దొరికితే ముందు నీకే చూపిస్తాలేమ్మా" అన్నాడు మరిది నవ్వుతూ.

"ఏంటి అత్తయ్యా, నిజంగా ఏంటి?"

"ఏం లేదమ్మాయ్. కొట్టుకి ఏదో మెయిలు వస్తే చదువుతున్నాడు" అన్నాను.

ఆమె చెయ్యి చాపి ఉంటే ఫోను అందేది. మా ఇంట్లో ఆ ఉత్తరాన్ని ఒక్క చూపులో పోల్చుకోగల మనిషి నాకు అంత దగ్గరగా నిలబడింది. నేను పనసపొట్టు గిన్నె ఆమె చేతికిచ్చి, "ఆవ నూరాలి, లోపలికి పద" అని పంపించేశాను.

మరిది వాళ్ళకు జవాబు రాశాడు. పది నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది. పేరు, ఆధారు, బ్యాంకు పుస్తకం ఫోటో పంపమన్నారు. పంపాడు. మర్నాడు ఇంకొకటి. బహుమతి విడుదల కావాలంటే ముందు రుసుము కట్టాలట.

"ఇచ్చేవాళ్ళు మళ్ళీ అడగడమేంటి?" అన్నాను.

"టూ-పే పార్సిల్ లాంటిది వదినా. కలకత్తా నుంచి మనకి సంచులు వస్తే కిరాయి ఎవరు కడతారు? మనమే కదా! ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కిరాయి కట్టి సరుకు విడిపించుకోమూ? ఇదీ అంతే."

కొట్టు భాషలో చెప్పేసరికి నాకు బాగా అర్థమైపోయింది. అర్థమైనదల్లా నిజమనుకున్నాను. కొవ్వూరు గది కోసం దాచిన డబ్బులోంచి తీస్తానన్నాడు. ఉగాదికి ఇంకా చాలా రోజులుంది, ఈలోపు బహుమతే వచ్చేస్తుంది, గది అద్దెకెందుకు, కొనేయొచ్చు అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన మొహం ఆరో తరగతి పిల్లాడి మొహంలా ఉంది.

అప్పుడు నేను చెప్పిన మాట ఒకటుంది. ఇది రాయకపోతే రాసిందంతా అబద్ధమే అవుతుంది. "అమ్మాయి బ్యాంకుకి వెళ్ళకు, అది కనిపెట్టేస్తుంది. రాజమండ్రి వెళ్ళి వేరే బ్యాంకులో కట్టు" అన్నాను. ఆయనకు ఆ ఆలోచన రాలేదు. నేనే ఇచ్చాను. ఆయన సంచుల నమూనాలు చూసి వస్తానని అన్నగారికి చెప్పి, బస్సెక్కి వెళ్ళి కట్టి వచ్చాడు. వస్తూ నాకు పూతరేకులు తెచ్చాడు.

వారం తిరక్కుండా రెండోసారి అడిగారు. ఈసారి బీమా అన్నారు. నాకు మనసులో చురుక్కుమంది. ఒకసారి కిరాయి కట్టిన సరుకుకు మళ్ళీ కిరాయి అడిగే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నేనెక్కడా వినలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మంచి జరగబోయేముందు అపశకునం పలకకూడదని దాన్నీ మింగేశాను. "జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాను, అంతే. మరిది మళ్ళీ రాజమండ్రి వెళ్ళాడు. ఆ రోజుతో అడ్వాన్సు డబ్బు దాదాపు అయిపోయింది.

మూడోసారి అడిగినప్పుడు కట్టడానికి ఆయన దగ్గర లేదు. అప్పుడు వర్తకుడి బుర్ర పనిచేసింది. "మీకు రావలసింది మా బహుమతిలో మినహాయించుకుని మిగతాది పంపండి" అని రాశాడు. కొట్లో రోజూ జరిగే పనే అది. సంచులు నాసిగా వస్తే మినహాయించుకుంటాం, బాకీ ఉంటే మినహాయించుకుంటారు. జవాబు వెంటనే వచ్చింది. నియమాలు ఒప్పుకోవు, సాయంత్రంలోగా కట్టకపోతే బహుమతి రద్దు, పైగా కేసు పెడతాం అని.

మరిది వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"మినహాయించుకోమన్నాను వదినా. ఒప్పుకోలేదు."

నేను తిరగమోత దించి ఆయన వైపు చూశాను.

"నిజంగా ఇచ్చేవాడైతే మినహాయించుకోడా?" అన్నాడు. "అక్కడ సొమ్ము ఉంటేగా మినహాయించుకోడానికి!"

అలా మాకు మేమే తెలుసుకున్నాం, ఎవరూ చెప్పకుండానే. నిజానికి కోడలికి చెప్పాల్సిన క్షణం అది. ఆమె రాగానే ఎదురెళ్ళి చెప్పాల్సింది. మరిది అడిగాడు కూడా, "అమ్మాయికి చెబుదామా, ఏమైనా చెయ్యగలదేమో" అని.

"వద్దు" అన్నాను. "మీ అన్నయ్యకి తెలిస్తే ఊరుకుంటారా? బజారులో తెలిస్తే నవ్వరూ? ఉగాదిదాకా ఆగుదాం, ఏదో ఒకటి చూద్దాం."

ఏం చూద్దామని అన్నానో నాకే తెలియదు. మొదటిసారి దాచమన్నది దిష్టికి భయపడి. ఇది సిగ్గుపడి. మొదటిది తెలియక చేశాను అనుకోవచ్చు. రెండోదానికి ఆ సాకు లేదు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. తొమ్మిదోనాడు కొవ్వూరు గది యజమాని కొట్టుకు ఫోను చేశాడు. మరిది ఎత్తడం లేదని మా ఆయనకు చేశాడట. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన అడిగారు.

"ఏరా, ఆయనెవరో ఉగాదికి వస్తున్నారా లేదా అని అడుగుతున్నాడు. ఇంకెవరో గదికి తిరుగుతున్నారట. నువ్వు ఫోనెత్తవేం? ఏంటి సంగతి?"

మరిది కలుపుతున్న ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత తల వంచుకునే మొత్తం చెప్పాడు. ఒక్క నా మాట తప్ప. "ఎవరికీ చెప్పలేదన్నయ్యా. వదినకి కూడా తెలీదు" అన్నాడు. నేను అక్కడే నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

మా ఆయన కేకలేస్తారనుకున్నాను. ఆయన చెయ్యి కడిగేసుకుని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా. నీకు వేరే కొట్టెందుకు? మన కొట్టు నీది కాదా?" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాటకు మరిది తల ఇంకా కిందికి దిగిపోయింది.

సాయంత్రం కోడలు బ్యాంకు నుంచి వస్తూనే సంగతి విని, చెప్పులైనా విప్పకుండా ఫోను అందుకుంది.

"ఎప్పుడు పంపారు చిన్నమావయ్యగారూ? మోసమని ఎప్పుడు తెలిసింది? ఎనిమిది రోజులా! అయ్యో, ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే..."

ఆ పూటే ఫిర్యాదు పెట్టించింది. ఆధారు, పుస్తకం ఫోటోలు ఇచ్చారని తెలిసి ఆయన బ్యాంకు ఖాతా కూడా ఆపించింది. మర్నాడు మరిదిని పోలీసు స్టేషనుకు తీసుకెళ్తే నేనూ వెళ్ళాను. అక్కడ ఉన్నాయన మంచివాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అంతా రాసుకున్నాడు.

"డబ్బు వెళ్ళిన ఖాతా ఇప్పుడు ఖాళీగా ఉందండి. అక్కణ్ణించి ఎన్ని చేతులు మారిందో చూడాలి. మొదటి రోజే వచ్చుంటే ఎంతో కొంత ఆపేవాళ్ళమండి. చాలామంది మీలాగే సిగ్గుపడి ఆలస్యం చేస్తారండి" అన్నాడు.

ఆయన మరిదితోనే మాట్లాడుతున్నా ఆ మాటలు నాకు తగిలాయి.

ఇంటికొచ్చాక కోడలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే ఉత్తరం మళ్ళీ తెరిచింది.

"చూడండి అత్తయ్యా. ప్రియమైన విజేత అన్నాడు, పేరు లేదు. ఎవరికి పంపుతున్నాడో వాడికే తెలీదు. ఇదిగో, పంపిన చిరునామా చూడండి, కంపెనీ పేరొకటి, ఇదొకటి. మనం ఎక్కడా టిక్కెట్టు కొనలేదు. చిన్నమావయ్యగారు కూపను రాశారంటే అది రాజమండ్రి చీరల కొట్లో. లండన్లో చీరలు కొన్నారా? బహుమతి ఇచ్చేవాడు ముందు మనల్ని కట్టమనడు. ఇవాళే, ఇప్పుడే అని తొందరపెట్టడు. అన్నిటికంటే ముఖ్యం ఇదండీ, ఎవరికీ చెప్పొద్దు అంటున్నాడు చూడండి. ఈ మాట ఎక్కడ కనిపించినా ఇంక మిగతాది చదవక్కర్లేదు. ఇలా మోసపోయి మా బ్యాంకుకి వచ్చే ప్రతివాళ్ళూ ఇక్కడే మునిగిపోతారు. ఎవరికైనా చెబితే విన్నవాళ్ళు ఆపేస్తారని వాడి భయం."

ఆమె వేలు పెట్టి చూపించిన వాటిలో సగం నాకు ముందే అనుమానం వచ్చినవే. టిక్కెట్టు కొన్నామా అని అడిగాను. ఇచ్చేవాళ్ళు అడగడమేంటి అన్నాను. రెండోసారి కిరాయి ఏంటని మనసులో అనుకున్నాను. చదువు లేకపోయినా అవన్నీ నాకు తోచాయి. మోసానికి అసలు గుర్తు ఏదో, దాన్ని మాత్రం మర్యాదకు గుర్తు అనుకున్నాను. వాడెక్కడివాడో, మా అత్తగారి పద్ధతి వాడికేం తెలుసు? అయినా ఆ పద్ధతే వాడికి మా ఇంట్లో తలుపు తీసింది.

"నేను ఆ రోజు పెరట్లో అడిగాను కదా అత్తయ్యా" అంది కోడలు, కోపంగా కాదు, గుర్తు చేసుకుంటున్నట్టు.

అప్పుడు చెప్పేశాను. చెప్పొద్దన్నది నేనేనని, వేరే బ్యాంకుకు వెళ్ళమన్నది నేనేనని, ఎనిమిది రోజులు ఆపింది కూడా నేనేనని. పక్క గదిలోంచి మా ఆయన లేచి వచ్చి నిలబడ్డారు. గుమ్మంలో మరిది ఉన్నాడు. కోడలు నా చెయ్యి పట్టుకుంది కానీ మొహం అటు తిప్పుకుని పట్టుకుంది.

తర్వాత మరిది నా దగ్గరికి వచ్చి, "ఎందుకు చెప్పావు వదినా? పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటే సరిపోయేది కదా" అన్నాడు.

"నువ్వు అడిగావు కదయ్యా, అన్నయ్యకి చెబుదామా, అమ్మాయికి చెబుదామా అని. రెండుసార్లూ వద్దన్నది నేను."

"నువ్వు వద్దన్నావని మానేశానా? నాకూ చెప్పాలని లేదు. వచ్చాక ఒక్కసారిగా అందరికీ చూపించాలని ఉంది" అన్నాడు. నన్ను ఊరడించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన అడ్వాన్సు తాను సర్దుతానన్నారు. మరిది ఒప్పుకోలేదు. అన్నయ్య డబ్బుతో పెడితే అది మళ్ళీ అన్నయ్య కొట్టే అవుతుందని ఆయన ఆలోచన. పైకి అనలేదు కానీ నాకు తెలుసు. గది యజమానికి తనే ఫోను చేసి, "ఉగాదికి నాకు వీలుపడదండి, ఎవరికైనా ఇచ్చేసుకోండి" అని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. డబ్బు తిరిగి రాలేదు. స్టేషను నుంచి మొదట్లో ఒకటి రెండుసార్లు ఫోను వచ్చింది, తర్వాత అదీ లేదు.

మొన్న శివరాత్రికి అందరం పట్టిసీమ వెళ్ళాం. రాజమండ్రి మీదుగా వంతెన దాటి కొవ్వూరులో కారు ఆపి కొబ్బరికాయలు తీసుకుందామన్నారు మా ఆయన. ఆగింది సరిగ్గా రేవు దారిలోనే. నేను తల తిప్పుకున్నాను. ఆ గదిలో ఇప్పుడు నిజంగానే పూజాసామాను కొట్టు ఉంది. ఎవరో కుర్రదంపతులు నడుపుతున్నారు. మా ఆయన వేరే కొట్టుకేసి నడవబోతుంటే మరిది, "ఇక్కడే తీసుకుందాం అన్నయ్యా" అని తనే లోపలికి వెళ్ళాడు. కర్పూరం, వత్తులు, కొబ్బరికాయలు తీసుకున్నాడు. ఎప్పుడూ బేరం ఆడకుండా ఏదీ కొననివాడు అడిగినంతా ఇచ్చాడు. అరల వంక, పై కప్పు వంక కాసేపు చూశాడు. కొట్టాయన ఏదో అడిగితే జవాబు చెప్పి నవ్వాడు.

తిరిగొచ్చి కారులో నా పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాగా పెట్టాడు వదినా కొట్టు. నేనైతే గంటలు ముందు వేలాడదీసేవాణ్ణి. గాలికి మోగుతుంటే రేవుకి వెళ్ళేవాళ్ళు తలెత్తి చూస్తారు."

"అవును బాబూ" అన్నాను. కారు కదిలింది. ఆయన కిటికీలోంచి వెనక్కి చూస్తూ కూర్చున్నాడు, మలుపు తిరిగేదాకా.